వృద్ధాప్యంలో దీర్ఘవ్యాధులు - దంత ఆరోగ్యం

వయసు పైబడినవారిలో తరచుగా కనిపించే మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బులు, మూత్రపిండ వ్యాధి, కీళ్లవాతం, పక్షవాతం, ఎముకల బలహీనత మొదలైన దీర్ఘవ్యాధులు నోటి ఆరోగ్యంపై గణనీయమైన ప్రభావం చూపుతాయి. పళ్లు, చిగుళ్లు, నాలుక, లాలాజల గ్రంథులు, దవడ ఎముకలు అన్నీ ఈ ప్రభావానికి లోనవుతాయి. కొన్ని సందర్భాలలో వ్యాధికంటే దానికోసం వాడే మందులే నోటిని ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. మరికొన్ని సందర్భాలలో నోటిలోని వ్యాధి తిరిగి శరీరంలోని వ్యాధిని ముదిరేలా చేస్తుంది. ఈ పరస్పర సంబంధాన్ని, పూర్వపు ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి భాగమైన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల అలవాట్లను, సౌకర్యాలను దృష్టిలో పెట్టుకొని, ఈ వ్యాసం వివరిస్తుంది.

వయసు మీద పడితే పళ్లు ఊడక తప్పదనే నమ్మకం మన సమాజంలో బలంగా ఉన్నది. ఇది సరికాదు. పాలపళ్లు ఊడడం ప్రకృతి నియమం. శాశ్వత దంతాలకు అటువంటి నియమం ఏదీ లేదు. అవి ఊడడానికి ప్రధాన కారణాలు రెండే: ఒకటి పిప్పి, అనగా దంతక్షయం, రెండవది చిగుళ్ల వ్యాధి. రెండూ నివారించదగినవే. జపాన్ దేశంలో 80 ఏళ్ల వయసులో కనీసం 20 సొంత పళ్లు మిగిలి ఉండాలనే లక్ష్యంతో 1989లో ఒక జాతీయ ఉద్యమం మొదలైంది. ఆ తరువాత ఆ దేశపు వృద్ధులలో మిగిలివుండే పళ్ల సంఖ్య బాగా పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో సుమారు 350 కోట్లమంది ఏదో ఒక నోటి వ్యాధితో బాధపడుతున్నారు.

ప్రాంత నేపథ్యం

మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం వరకు సాగే ఈ పడమటి మెట్ట ప్రాంతం కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్నది. కుప్పం వద్ద ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు మూడూ కలుస్తాయి. రాగి, వేరుశనగ, టమాటా, మల్బరీ ఇక్కడి ముఖ్యమైన పంటలు. పంట పొలాలకే కాక తాగునీటికి కూడా చాలాకాలం బోరుబావులే ఆధారంగా ఉన్నాయి.

దీర్ఘవ్యాధుల చికిత్సకు మదనపల్లె పేరు కొత్తది కాదు. పట్టణానికి సమీపంలోని ఆరోగ్యవరంలో 1915లో క్షయరోగుల ఆరోగ్యకేంద్రం ప్రారంభమైంది. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దీనికి తొలి సారథి. పొడి గాలి, ఎత్తైన నేల క్షయరోగులకు మేలు చేస్తాయని అప్పటి వైద్యులు భావించేవారు. 1948లో భారతదేశంలో బి.సి.జి. టీకా కార్యక్రమం మదనపల్లెలోనే మొదలైంది. క్షయకు సమర్థమైన మందులు వచ్చి, రోగులను ఏళ్ల తరబడి ఆరోగ్యకేంద్రాలలో ఉంచవలసిన అవసరం తగ్గిన తరువాత ఆరోగ్యవరం సాధారణ వైద్యకేంద్రంగా మారింది. నాటి దీర్ఘవ్యాధి క్షయ అయితే నేటి దీర్ఘవ్యాధులు షుగరు, బీపీ. ఈ రెండు తరాల వ్యాధులకు సంబంధం కూడా ఉన్నది. మధుమేహం ఉన్నవారికి క్షయ సోకే అవకాశం ఎక్కువ. అరుదుగా క్షయ నాలుకపై మానని పుండుగా కూడా బయటపడుతుంది.

నోటిలో వయసుతో వచ్చే మార్పులు

పెద్దవారికి జ్ఞానదంతాలతో కలిపి 32 పళ్లు ఉంటాయి. పంటి పైపొర ఎనామిల్. మానవ శరీరంలో ఇంతకంటే గట్టి పదార్థం లేదు. అయితే ఒకసారి అరిగిపోతే అది తిరిగి పెరగదు. దశాబ్దాలపాటు నమిలిన పళ్ల కొరుకుడు తలాలు సహజంగానే అరుగుతాయి. లోపలి డెంటిన్ పసుపురంగులో పైకి కనిపిస్తుంది. పంటి నడుమ ఉండే నరం గది కుంచించుకుపోతుంది. అందువల్ల వృద్ధులకు పిప్పి లోతుగా ఉన్నా నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. నొప్పి లేదు కాబట్టి పన్ను బాగున్నదని అనుకోవడం ఈ వయసులో పొరపాటు.

చిగురు కిందికి జారినప్పుడు పంటి వేరు బయటపడుతుంది. వేరుకు ఎనామిల్ రక్షణ లేదు. నోటిలోని ఆమ్లత పి.హెచ్. 5.5 కంటే తగ్గినపుడు ఎనామిల్ కరగడం మొదలవుతుంది. వేరుభాగం మాత్రం సుమారు 6.2 నుండి 6.7 మధ్యనే కరగడం మొదలుపెడుతుంది. అనగా ఎనామిల్‌ను ఏమీ చేయలేని స్వల్ప ఆమ్లత కూడా వేరును తినివేయగలదు. వృద్ధులలో చిగురు అంచు వెంబడి గోధుమ, నలుపు రంగుల్లో కనిపించే పిప్పి ఇదే. పన్ను అకస్మాత్తుగా మొదలంటా విరిగిపోవడానికి తరచుగా ఇదే కారణం.

మధుమేహం

నోటి ఆరోగ్యంతో అత్యంత సన్నిహిత సంబంధం గల దీర్ఘవ్యాధి మధుమేహం. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో జరిగిన దేశవ్యాప్త అధ్యయనం 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్లమంది మధుమేహంతో ఉన్నారు. కళ్లు, మూత్రపిండాలు, నరాలు, పెద్ద రక్తనాళాలు, చిన్న రక్తనాళాలు దెబ్బతినడం మధుమేహపు ఐదు ప్రధాన దుష్ఫలితాలుగా వైద్యులు చెబుతూ వచ్చారు. 1993లో హెరాల్డ్ లో అనే దంతశాస్త్రవేత్త చిగుళ్ల వ్యాధిని ఆరవ దుష్ఫలితంగా పేర్కొన్నాడు.

పంటిపై పేరుకునే మెత్తని పొరను పాచి అంటారు. దానిలో కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి. దానిని తొలగించకపోతే లాలాజలంలోని ఖనిజ లవణాలు చేరి గట్టిపడి గారగా మారుతుంది. గార చిగురు అంచును నిరంతరం రేపుతూ ఉంటుంది. మొదట చిగురు ఎర్రబడి వాస్తుంది, పళ్లు తోముకునేటప్పుడు రక్తం వస్తుంది. ఈ దశలో శుభ్రపరిస్తే పూర్తిగా నయమవుతుంది. నిర్లక్ష్యం చేస్తే వాపు లోతుకు పాకి, పంటిని ఎముకకు పట్టివుంచే నారపోగులు తెగిపోతాయి. ఎముక కరుగుతుంది. పంటికీ చిగురుకీ నడుమ సంచులు ఏర్పడతాయి. పన్ను కదులుతుంది. పూర్వం దీనినే పయోరియా అనేవారు.

ఈ క్రమం ఎవరిలోనైనా జరగవచ్చు. మధుమేహం అదుపులో లేనివారిలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువగా, వేగంగా జరుగుతుంది. రక్తంలో చక్కెర అధికంగా ఉన్నప్పుడు సన్నని రక్తనాళాల గోడలు మందమై చిగుళ్లకు రక్తప్రసారం సరిగా అందదు. సూక్ష్మజీవులను మింగివేసే తెల్లరక్తకణాలు మందగిస్తాయి. చిగుళ్లకు బలాన్నిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తి త్వరగా విచ్ఛిన్నమై, ఆలస్యంగా తయారవుతుంది. లాలాజలంలోకి కూడా చక్కెర చేరి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. ఇవన్నీ కలిసి చిగుళ్ల వ్యాధిని ఎగదోస్తాయి.

దీనికి ఎదురు దిశలో జరిగే ప్రక్రియ కూడా ఉన్నది, అది చాలామందికి తెలియదు. ముదిరిన చిగుళ్ల వ్యాధిలో అన్ని పళ్ల చుట్టూ ఉండే సంచుల లోపలి పుండును ఒకచోట పరిచి చూస్తే అరచేతిలో చెప్పుకోదగ్గ భాగమంత ఉంటుంది. అరచేతిపై అంత పుండు ఉంటే ఎవరూ ఊరుకోరు, కానీ నోటిలోనిది కనిపించదు. ఆ పుండు నుండి వెలువడే వాపు రసాయనాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. ఫలితంగా చక్కెర ఇంకా పెరుగుతుంది. చిగుళ్ల సంచులను శుభ్రపరచి చికిత్స చేస్తే, మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్.బి.ఎ.1.సి. విలువ సుమారు 0.4 శాతం మేరకు తగ్గుతుందని అనేక పరిశోధనలను క్రోడీకరించిన సమీక్షలు తెలిపాయి. ఒక అదనపు మాత్ర ఇచ్చే ప్రయోజనంతో దీనిని పోల్చవచ్చు. అయితే ఇది మాత్రలకు బదులు కాదు.

తరచుగా చిగురుపై చీముగడ్డలు రావడం, ముందుపళ్ల మధ్య కొత్తగా సందులు ఏర్పడడం, నాలుక మంట, నోటిలో తెల్లని పూత మధుమేహం అదుపు తప్పినదనడానికి సూచనలు. కొందరిలో మధుమేహం ఉన్న సంగతి మొదట దంతవైద్యుని కుర్చీలోనే బయటపడుతుంది.

షుగరు ఉన్నవారికి పన్ను తీస్తే గాయం మానదనే భయం పల్లెల్లో ఇప్పటికీ ఉన్నది. చక్కెర అదుపులో ఉన్నవారికి పన్ను తీయడం ఇతరులకు తీసినంత సులభమే. అదుపులో లేనప్పుడు గాయం ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే అవకాశం ఉన్నది. అయితే చీముపట్టిన పన్నును నెలల తరబడి నోటిలో ఉంచుకోవడం అంతకంటే ప్రమాదకరం. దంతవైద్యుని వద్దకు పరగడుపున పోరాదు. ఉదయం ఫలహారం తిని, మామూలు మందులు వేసుకొని, చక్కెర పరీక్ష కాగితాలు వెంట తీసుకొని పోవాలి. కుర్చీలో కూర్చున్నపుడు చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే రక్తంలో చక్కెర పడిపోయినదని గుర్తించి వెంటనే చక్కెర నీళ్లు ఇవ్వాలి.

పై పన్ను తీస్తే కంటిచూపు పోతుందనేది ఇటువంటిదే మరొక అపోహ. పళ్లకు సంబంధించిన నరాలు వేరు, చూపుకు సంబంధించిన నరం వేరు. మధుమేహం వల్ల కంటి రెటీనా దెబ్బతిని చూపు తగ్గుతున్న కాలంలోనే పళ్లు కూడా తీయించవలసి రావడంవల్ల ఈ రెంటికీ ముడిపెట్టి ఉంటారని ఊహించవచ్చు.

లాలాజలం తగ్గడం

ఆరోగ్యవంతుని నోటిలో రోజుకు సుమారు అర లీటరు నుండి ఒకటిన్నర లీటరు వరకు లాలాజలం ఊరుతుంది. ఇది నోటిని తడిగా ఉంచడమే కాక ఆమ్లాలను తటస్థపరుస్తుంది, పంటికి కాల్షియం, ఫాస్ఫేటు అందజేస్తుంది, సూక్ష్మజీవులను అణచివేస్తుంది. ముసలితనంలో నోరు ఎండడం సహజమని భావిస్తారు కానీ కేవలం వయసువల్ల లాలాజలం తగ్గేది కొద్దిగానే. ప్రధాన కారణం మందులు. మూత్రం ఎక్కువగా పోయేందుకు ఇచ్చే రక్తపోటు మాత్రలు, అలర్జీ మాత్రలు, నిద్ర మాత్రలు, మానసిక వ్యాకులతకు, నరాల మంటలకు ఇచ్చే అమిట్రిప్టిలిన్ వంటివి, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే మందులు లాలాజలాన్ని తగ్గిస్తాయి. రెండు మూడు వ్యాధులకు ఒకేసారి మందులు వాడే వృద్ధునిలో వీటి ప్రభావం కూడుకుంటుంది. అదుపులో లేని మధుమేహం, లాలాజల గ్రంథులపై శరీరమే దాడిచేసే షోగ్రెన్ వ్యాధి, తల మెడ భాగాలకు ఇచ్చే రేడియేషన్ చికిత్స ఇతర కారణాలు.

లాలాజలం తగ్గినవారికి ముద్ద మింగుడు పడదు, మాట తడబడుతుంది, కట్టుడు పళ్లు నిలవవు, రాత్రి నీటికోసం పదేపదే లేవవలసి వస్తుంది. కొన్ని నెలల్లోనే అనేక పళ్లకు ఒకేసారి వేరుపిప్పి పట్టవచ్చు. నోరు ఎండుతున్నదని చప్పరింపు బిళ్లలు, బెల్లం ముక్క, తీపి టీ రోజంతా తీసుకునేవారిలో ఈ నష్టం మరీ ఎక్కువ. ఆ తీపిని కడిగివేసే లాలాజలమే లేదు కదా. మంచినీళ్లు గుక్కెడు గుక్కెడుగా తాగడం, చక్కెర లేని చూయింగ్ గమ్ నమలడం, ఫ్లోరైడు కలిగిన టూత్‌పేస్టు వాడడం మేలు. మందు మార్చవచ్చునా అని వైద్యుని అడగాలి. సొంతంగా మానరాదు.

ఉబ్బసం, ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధి ఉన్నవారు స్టిరాయిడ్ కలిగిన మందును పీల్చినప్పుడు కొంత మందు నోటిలోనే నిలిచి తెల్లపూతకు దారితీస్తుంది. పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మివేస్తే చాలావరకు నివారించవచ్చు.

రక్తపోటు, గుండెజబ్బులు

రక్తపోటు నేరుగా పళ్లకు చేసే కీడు తక్కువ. దానికి వాడే అమ్లోడిపిన్, నిఫెడిపిన్ వంటి మాత్రలు కొందరిలో చిగుళ్లను ఉబ్బేలా చేస్తాయి. మూర్ఛవ్యాధికి వాడే ఫెనిటోయిన్, మూత్రపిండ మార్పిడి చేయించుకున్నవారు వాడే సైక్లోస్పోరిన్ కూడా ఇదే పని చేస్తాయి. చిగురు పెరిగి పళ్లను సగం కప్పివేయవచ్చు. పాచి ఎక్కువగా ఉన్నచోట ఇది మరింత ఎక్కువ. మందు మార్చి, గార తీయించుకుంటే చాలామందికి తగ్గుతుంది. ముఖం, పెదవులు ఉన్నట్టుండి వాయడం రక్తపోటుకు వాడే మరొక జాతి మందుల అరుదైన దుష్ఫలితం. దీనిని పంటివాపుగా భ్రమపడి ఆలస్యం చేస్తే ఊపిరి ఆడని పరిస్థితి రావచ్చు.

గుండెపోటు వచ్చినవారికి, రక్తనాళంలో స్టెంటు వేసినవారికి రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఇస్తారు. కృత్రిమ కవాటాలు అమర్చినవారికి వార్ఫరిన్ లేదా ఎసినోకౌమరాల్ ఇస్తారు. పన్ను తీయించుకోవాలంటే వారం ముందే వీటిని ఆపాలని చాలామంది నమ్ముతారు, కొందరు ఎవరినీ అడగకుండా ఆపివేస్తారు. ఇది ప్రాణాంతకం కావచ్చు. పన్ను తీసినచోట రక్తస్రావం కొంత ఎక్కువైనా దూది అదిమిపెట్టి, కుట్లు వేసి ఆపవచ్చు. గుండెలోనో మెదడులోనో గడ్డకట్టిన రక్తాన్ని అంత సులభంగా తీయలేము. ఒకటి రెండు పళ్లు తీయడానికి సాధారణంగా ఆస్పిరిన్ ఆపరు. వార్ఫరిన్ వాడేవారికి ముందుగా ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేస్తారు. నిర్ణయం గుండె వైద్యుడు, దంతవైద్యుడు కలిసి తీసుకోవలసినది.

కవాటాల లోపం ఉన్నవారి విషయంలో మరొక జాగ్రత్త ఉన్నది. నోటిలో నివసించే కొన్ని స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవులు రక్తంలోకి చేరి, దెబ్బతిన్న లేదా కృత్రిమ కవాటంపై స్థిరపడి గుండె లోపొర వాపును కలిగిస్తాయి. పూర్వం గుండెలో ఏ లోపం ఉన్నా పన్ను తీసేముందు యాంటీబయాటిక్ ఇచ్చేవారు. 2007లో అమెరికా గుండె సంఘం ఈ సూచనలను సవరించి, కృత్రిమ కవాటాలు ఉన్నవారు, పూర్వం ఈ వ్యాధి వచ్చినవారు వంటి అధిక ప్రమాదం గలవారికే దీనిని పరిమితం చేసింది.

చిగుళ్ల వ్యాధి ఉన్నవారిలో గుండెజబ్బులు ఎక్కువగా కనిపిస్తాయన్నది నిజం. కానీ ఒకటి రెండవదానికి కారణమని నిరూపణ కాలేదు. పొగతాగడం, మధుమేహం, పేదరికం రెండింటికీ ఉమ్మడి కారణాలు. పత్రికలలో పళ్లు తోముకుంటే గుండెపోటు రాదు అని వచ్చే శీర్షికలను ఈ దృష్టితో చదవాలి.

దీనికంటే ముఖ్యమైనది, తక్కువగా చెప్పబడేది మరొకటి ఉన్నది. గుండెనొప్పి కొందరిలో ఛాతీలో కాక కింది దవడలో, ముఖ్యంగా ఎడమవైపు, పంటినొప్పిగా తెలుస్తుంది. నడిచినపుడు, మెట్లెక్కినపుడు వచ్చి, కూర్చుంటే తగ్గే దవడనొప్పి గుండెకు సంబంధించినది కావచ్చు. నొప్పికి కారణమయ్యే పన్ను కనిపించనప్పుడు లవంగ నూనెతో కాలక్షేపం చేయరాదు.

మూత్రపిండ వ్యాధి, నొప్పి మాత్రలు

మూత్రపిండాలు పనిచేయనప్పుడు రక్తంలోని యూరియా లాలాజలంలోకి చేరి అమోనియాగా మారుతుంది. నోటికి మూత్రపు వాసన, లోహపు రుచి వస్తాయి. డయాలసిస్ సమయంలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి పన్ను తీయించుకోవడానికి డయాలసిస్ మరుసటి రోజు అనువైనది.

పంటినొప్పికి మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, రక్తపోటును పెంచుతాయి, కడుపులో పుండ్లు కలిగిస్తాయి. షుగరు, బీపీ ఉన్న వృద్ధుడు పన్ను తీయించుకోవడానికి జంకి వారాల తరబడి ఈ మాత్రలు మింగడం మన ప్రాంతంలో సర్వసాధారణం. ఒక పన్ను కోసం రెండు మూత్రపిండాలను పణంగా పెట్టినట్లవుతుంది. ఆస్పిరిన్ బిళ్లను నొప్పి ఉన్న చిగురుపై పెట్టడం, పొగాకు కుక్కడం, పుప్పిపంటి పురుగులు తీస్తామని వచ్చేవారిచేత పొగ పట్టించుకోవడం కూడా హానికరం. చిగురు కాలి పుండు పడుతుంది. పిప్పిపంటిలో పురుగులు ఉండవు.

ఎముకలు, ఫ్లోరైడు

ఎముకలు గుల్లబారినవారికి, ముఖ్యంగా బహిష్టులు ఆగిన స్త్రీలకు, అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ ఆమ్లం వంటి మందులు ఇస్తారు. ఇవి ఎముక కరగకుండా కాపాడతాయి. కానీ ఇవి వాడేవారిలో కొందరికి పన్ను తీసినచోట దవడ ఎముక మానకుండా చచ్చుబడడం 2003లో మొదటిసారిగా గుర్తించబడింది. ఎముకల బలహీనతకు వాడే మోతాదులో ఈ ప్రమాదం చాలా తక్కువ. ఎముకలకు పాకిన క్యాన్సరుకు ఇచ్చే పెద్ద మోతాదులో ఎక్కువ. ఈ మందులు మొదలుపెట్టక ముందే తీయవలసిన పళ్లు తీయించుకోవడం ఉత్తమం. ఏటా ఒకసారి సూది రూపంలో ఇచ్చే మందును రోగులు మరచిపోతుంటారు, దంతవైద్యునికి దానిని కూడా తప్పక చెప్పాలి.

తెలుగునేలకు ఫ్లోరైడు సమస్య సుపరిచితం. భారతదేశంలో నీటి ఫ్లోరైడువల్ల వచ్చే ఎముకల వ్యాధిని 1937లో మొదటిసారిగా నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. బాల్యంలో ఎక్కువ ఫ్లోరైడు నీరు తాగినవారి పళ్లపై గోధుమ చారలు జీవితాంతం మిగులుతాయి. రాతినేలల్లో లోతైన బోర్లపై ఆధారపడే గ్రామాలు తమ నీటిని పరీక్ష చేయించుకోవడం అవసరం. మెడ, వెన్ను బిగుసుకుపోయినవారు దంతవైద్యుని కుర్చీలో వెనుకకు వాలలేరు, నోరు పుక్కిలించడానికి వంగలేరు. చికిత్స ఎంత సులభమైనదైనా అందుకోవడం కష్టమవుతుంది.

చేయి కదలనప్పుడు, మతి నిలవనప్పుడు

పక్షవాతం వచ్చినవారికి ఒకవైపు బుగ్గలో స్పర్శ ఉండదు. అన్నం ఆ వైపున గంటల తరబడి నిలిచిపోతుంది. కంపవాతం ఉన్నవారికి చేయి వణుకుతుంది. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయినవారు సన్నని బ్రష్షు పిడిని పట్టుకోలేరు. పిడికి గుడ్డ చుట్టి లావు చేయడం, లేదా సైకిలు హ్యాండిలు రబ్బరు తొడుగు వంటిదానిని తొడగడం ఖర్చులేని ఉపాయాలు. మతిమరుపు వ్యాధి ముదిరినవారు పళ్లు తోముకోవడమే మరచిపోతారు, నొప్పి ఉన్నా చెప్పలేరు. అన్నం తిననని మొండికేయడం, బుగ్గ పట్టుకోవడం, కట్టుడు పళ్లు తీసి పారేయడం వారి నొప్పికి భాష. దానిని మొండితనంగా భావించి గద్దించేవారు ఎక్కువ.

మంచాన పడినవారి విషయంలో నోటి శుభ్రత ప్రాణానికి సంబంధించినది. మింగే శక్తి తగ్గినవారిలో సూక్ష్మజీవులతో నిండిన లాలాజలం పొరపాటున ఊపిరితిత్తులలోకి జారి న్యుమోనియా వస్తుంది. జపాన్‌లోని వృద్ధాశ్రమాలలో జరిపి 1999లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ప్రతి భోజనం తరువాత సేవకులు పళ్లు తోమిన వృద్ధులలో న్యుమోనియా తక్కువగా కనిపించింది. పళ్లు లేనివారికి కూడా ఇది వర్తిస్తుంది. తడిపిన మెత్తని గుడ్డను వేలికి చుట్టి చిగుళ్లు, నాలుక, అంగిలి తుడవాలి. రోగిని పడుకోబెట్టి నోటిలో నీళ్లు పోయరాదు. కూర్చోబెట్టిగాని, పక్కకు తిప్పిగాని చేయాలి.

పుంగనూరు పొట్టి ఆవు లోకప్రసిద్ధి పొందిన జాతి. పశువుల సంతలో కొనేవాడు మొదట చేసే పని నోరు తెరచి పళ్లు చూడడం. రెండు పళ్లదా, నాలుగు పళ్లదా అని వయసు లెక్కకట్టి బేరం మొదలుపెడతాడు. ఇంట్లోని ముసలివారి నోరు తెరచి చూసేవారు మాత్రం అరుదు.

ఆకువక్క, పొగాకు, మానని పుండ్లు

భోజనానంతరం ఆకువక్క వేసుకోవడం ఈ ప్రాంతపు పెద్దల అలవాటు. పళ్లు పోయిన తరువాత కూడా చిన్న రోట్లో దంచుకొని బుగ్గన పెట్టుకుంటారు, కొందరు పొగాకు కాడ కలుపుతారు. పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 2004లో ప్రకటించింది. వక్క వాడకంవల్ల బుగ్గల లోపలి పొర తాడులా గట్టిపడి నోరు తెరుచుకోదు, కారం తగిలితే మంట పుడుతుంది. బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా చిగుళ్ల వ్యాధిని కూడా పెంచుతాయి. విశేషమేమంటే పొగతాగేవారి చిగుళ్లనుండి రక్తం తక్కువగా వస్తుంది. వ్యాధి ముదురుతున్నా హెచ్చరిక అందదు.

రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, మెడలో గడ్డ ఉంటే నొప్పి లేకపోయినా చూపించుకోవాలి. తొలిదశలో నోటి క్యాన్సరుకు నొప్పి ఉండదు. పదునైన విరిగిన పన్ను, సరిపడని కట్టుడు పళ్ల అంచు నిరంతరం గీరుకుంటున్నచోట పుండును తేలికగా తీసుకోరాదు. 30 ఏళ్లు దాటినవారికి రక్తపోటు, మధుమేహంతోపాటు నోటి క్యాన్సరుకు కూడా పరీక్ష చేసే జాతీయ కార్యక్రమం 2017 నుండి నడుస్తున్నది. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తకు నోరు తెరచి చూపించడానికి వృద్ధ స్త్రీలు సిగ్గుపడరాదు.

కట్టుడు పళ్లు, ఆహారం

రాయలసీమ ప్రధానాహారమైన రాగి సంగటి నమలవలసిన అవసరం లేనిది, ముద్ద చేసి మింగేది. అందువల్ల పళ్లు లేనివారికి ఇది వరం వంటిది. అయితే ఇదే కారణంగా పళ్లు లేని లోటు చాలాకాలం బయటపడదు కూడా. సంగటితోపాటు తినవలసిన ఆకుకూరలు, పచ్చి కూరగాయలు, వేరుశనగలు, మాంసం, జామ వంటి పండ్లు ఒక్కొక్కటిగా తగ్గిపోతాయి. మిగిలేది పిండిపదార్థం. రాగి షుగరుకు మంచిదన్న మాట పూర్తిగా అబద్ధం కాకపోయినా అది కూడా పిండిపదార్థమే. పప్పు, కూర లేకుండా సంగటి, చారు మాత్రమే తింటే చక్కెర పెరుగుతుంది, కండ కరుగుతుంది. వేయించిన వేరుశనగలను పొడిగా కొట్టుకోవడం, ఆకుకూరను పప్పులో మెత్తగా ఉడికించడం, ఉలవలను చారుగానే కాక ఉడికిన గింజలను నలిపి తినడం పళ్లు లేనివారికి అనువైన మార్గాలు.

కట్టుడు పళ్లను రాత్రి తీసి నీటిలో ఉంచాలి. నోటిలోనే ఉంచి నిద్రించేవారికి అంగిలిపై ఎర్రని వాపు, తెల్లపూత వస్తాయి. మధుమేహం ఉన్నవారిలో ఇది ఎక్కువ. పళ్లు తీసిన తరువాత దవడ ఎముక ఏళ్ల తరబడి అరుగుతూనే ఉంటుంది కాబట్టి ఒకప్పుడు సరిపోయిన సెట్టు తరువాత వదులవుతుంది. దానిని సరిచేయించుకోవాలి. పెదవుల మూలలు పగలడం కూడా తరచుగా సెట్టు ఎత్తు తగ్గినందువల్లనే.

ఖర్చు ఇక్కడ ప్రధానమైన అడ్డంకి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జూలైలో నెలకు 4,000 రూపాయలకు పెరిగింది. చాలా ఇళ్లలో అది మందులకు, పొట్టకు సరిపోతుంది. ఎవరైనా ముందుగా మానుకునేది పళ్లనే.

వైద్య సౌకర్యాలు

మదనపల్లెలో 1911లో ఆరంభమైన మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి, ఆరోగ్యవరం వైద్యకేంద్రం, ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. కుప్పంలో పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రి, ప్రభుత్వ ప్రాంతీయ ఆసుపత్రి ఉన్నాయి. రోగుల ఆరోగ్య వివరాలను కంప్యూటరులో భద్రపరచి గ్రామీణ ఆరోగ్యకేంద్రాలను పెద్ద వైద్యులతో అనుసంధానించే డిజిటల్ నర్వ్ సెంటరు 2025 జూలైలో కుప్పంలో ప్రారంభమైంది. షుగరు, బీపీ వివరాలతోపాటు నోటి పరీక్ష వివరాలు కూడా ఇటువంటి చోట నమోదైతే ఉపయోగం ఎక్కువ.

క్లిష్టమైన దంత చికిత్సలకు తిరుపతి, కడపలలోని దంతవైద్య కళాశాలలు, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల, బెంగళూరు ఆసుపత్రులు అందుబాటులో ఉన్నాయి. కుప్పం వారికి కోలారు బంగారు గనుల పట్టణంలోని దంతవైద్య కళాశాల దగ్గర. దంతవైద్య కళాశాలలలో విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేసే చికిత్సకు సాధారణంగా రుసుము తక్కువ. ఒకటికి రెండుసార్లు తిరగవలసి వస్తుంది కాబట్టి వృద్ధుల వెంట ఒకరు ఉండాలి. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం 2014-15లోను, వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం 2010-11లోను మొదలయ్యాయి.

దంతవైద్యుని వద్దకు పోయేటప్పుడు వాడుతున్న మందుల చీటీని, వీలుకాకపోతే మాత్రల ఖాళీ అట్టలన్నింటినీ ఒక సంచిలో వేసుకొని పోవాలి. గుండెకు స్టెంటు వేసిన సంవత్సరం, చివరి షుగరు పరీక్ష, ఎముకలకు సూది వేయించుకున్న నెల ఒక కాగితంపై రాసి అదే సంచిలో ఉంచితే, వెంట వచ్చినవారు ఎవరైనా చూపించగలరు.